మూత వేసే ముందు మూడు పిలుపులు

మా బడిలో గంట కొట్టేది నేనే, గదులు ఊడ్చేది నేనే, తలుపులకు తాళాలు వేసేది నేనే. ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే పని. వానలు లేని మూడో ఏడు నీళ్ల పంపకం కూడా నా మీద పడింది. పడింది అనకూడదు, నేనే అడిగి తీసుకున్నాను. అంతకుముందు ఏడు ఎవరికి దొరికినంత వాళ్లు పట్టుకుపోయేవాళ్లు. బలమున్న పిల్లలకు రెండేసి సీసాలు. కాలు సరిగ్గా లేని ఒక పిల్లాడికి రెండు రోజులు చుక్క దక్కలేదు. అది చూసి నా కడుపు మండింది. నీళ్లు తక్కువైన చోట పద్ధతి ఎక్కువ కావాలని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అదే అంటాను. కానీ జరిగింది కూడా చెప్పాలి.

బడి వెనక నేలలో కట్టిన సంపు ఉంది. మనిషి నిలువు కంటే కాస్త ఎక్కువ లోతు. దిగడానికి గోడకు ఇనుప మెట్లు. పైన రేకు మూత, దానికి తాళంకప్ప. మూతకు రెండడుగుల దూరంలో గాలి ఆడడానికి మూరెడు గొట్టం ఒకటి. నాలుగు రోజులకొకసారి ట్యాంకరు వచ్చి నింపి పోతుంది. నింపడం అంటే సగానికి. ఎందుకు సగమని అడిగితే డ్రైవరు పైకి, ఆకాశం వైపు చూపించేవాడు. అక్కడ అడగమన్నట్టు.

పొద్దున టీచరమ్మ హాజరు పిలిచాక, పలికినవాళ్లందరూ నా దగ్గర వరుస కట్టాలి. ఒక్కొక్కరికి ఒక్క సీసా. సీసాల మీద హాజరు నంబరు ఎర్ర రంగుతో నేనే వేశాను. ఒకరి నీళ్లు ఇంకొకరికి పోయకూడదు. పోయనిస్తే మెత్తటివాళ్ల సీసాలు గట్టివాళ్లు ఖాళీ చేస్తారు. ఊరొదిలి పోతున్నవాళ్ల పేరు హాజరు పట్టీలో ఎర్రగీతతో కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే వాటా లేదు.

ఎండల వల్ల ఒంటిపూట బడి. పన్నెండుకి గంట కొట్టి, పిల్లలు వెళ్లాక సంపు మూత వేస్తాను. వేసే ముందు వంగి లోపలికి మూడుసార్లు పిలవాలి. "లోపల ఎవరైనా ఉన్నారా?" అని. పదంకెలు లెక్కపెట్టాలి. అప్పుడే తాళం. నాకు ముందున్న అటెండరు ఒకసారి లోపల పూత పూస్తున్న మేస్త్రీని చూసుకోకుండా తాళం వేసి ఇంటికి పోయాడట. రెండు గంటల తర్వాత తీశారు. మేస్త్రీ బతికాడు గానీ మళ్లీ గదిలో తలుపు వేసుకుని పడుకోలేదంటారు. అప్పటినుంచి ఈ పిలుపు. నేను పిలుస్తుంటే పిల్లలు గేటు దగ్గర నిలబడి నా గొంతు వెక్కిరించేవాళ్లు. వెక్కిరించనీ. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కరోజు మానలేదు.

ఒక్కరోజు మానాను. ఆ రోజు సంగతే ఇది.

పట్టీలో నలభై మూడు పేర్లుండేవి. ఆ వేసవికి ఇరవై ఆరు మిగిలాయి. మిగతావన్నీ ఎర్రగీతలు. నా కూతురూ అల్లుడూ కూడా పని వెతుక్కుంటూ పోయి, ఎనిమిదేళ్ల పిల్లను మా దగ్గర వదిలారు. దాన్ని అమ్మడు అంటాం. నంబరు పంతొమ్మిది. "వానలు పడగానే వచ్చి తీసుకుపోతాం నాన్నా" అంది కూతురు. వాన చేతిలో మాట పెట్టి పోయింది.

అమ్మడి జతగత్తె ఒకటుండేది. ఎంత చిన్న పిల్లంటే బెంచీ మీద కూర్చుంటే కాళ్లు నేలకు సగం దూరంలోనే ఆగిపోయేవి. అందరూ గోరంత అనేవాళ్లు. నంబరు పద్నాలుగు. తల్లీతండ్రీ మొక్కలు పెంచి అమ్ముకునేవాళ్లు. నీళ్లు లేక మొక్కలన్నీ డబ్బాల్లోనే మాడిపోయాయి. చివరికి వాళ్లూ లారీ ఎక్కడానికి సిద్ధమయ్యారు. ఆ పొద్దున పద్నాలుగో పేరు మీద గీత పడింది.

హాజరు అయ్యాక, వరుస చివర, సీసా పట్టుకుని నిలబడి ఉంది గోరంత.

"తాతా, నాకు."

"నీ పేరు కొట్టేశారు. నువ్వు వెళ్లిపోతున్నావుగా."

"లారీ మధ్యాహ్నం తాతా. తమ్ముడు పొద్దుటినుంచి ఏడుస్తున్నాడు. సగం పోసినా చాలు."

మర్నాడు ట్యాంకరు వచ్చే రోజు. సంపులో పాదం మునిగేంత ఉంది, అంతే. నేను మెట్లు దిగి మగ్గుతో తోడి పైకి అందిస్తున్నాను. ఇరవై ఐదు సీసాలకు కచ్చితంగా సరిపోతుంది. నీకు పోస్తే రేపు ఇంకొకరికి పోయాలి అన్నాను. పక్కకు జరుగు అన్నాను. అమ్మడు తన సీసా వంచబోయింది. పైకెక్కి చెయ్యి పట్టి ఆపాను.

"నువ్వు చెడ్డ తాతవి" అంది అమ్మడు, అందరి ముందూ.

గోరంత ఏడవలేదు. ఖాళీ సీసా మూత బిగించింది, ఏదో ఉన్నట్టు. అలా వెళ్లిపోయింది.

పన్నెండుకి గంట కొట్టేసరికి రోడ్డు మీద లారీల హారన్లు. రెండు లారీలు. మనుషులూ మూటలూ కుక్కుకుని. పిల్లలందరూ చూడ్డానికి గేటు దగ్గరికి పరిగెత్తారు. అమ్మడి చేతిలో సీసా చూశాను. సగమే ఉంది.

"ఎవరికి పోశావు?"

సీసా వెనక దాచుకుంది.

"అడుగుతున్నది నిన్నే."

"దానికే. తమ్ముడికిమ్మని పోశాను. వాడు తాగేశాడు. దానికి చుక్క మిగల్లేదని మళ్లీ వచ్చింది."

నా ఇంట్లో పిల్లే నా పద్ధతి మీరితే ఇంక ఎవరికి చెప్పను? ఒళ్లు తెలియని కోపం వచ్చింది. దాని రెక్క పట్టుకుని సంపు దాకా లాక్కొచ్చాను. మూత కాలితో తన్నాను. దబ్బున పడింది. తాళం వేశాను.

"తాతా, నువ్వు పిలవలేదు."

"నోరు మూసుకుని నడు."

"తాతా... పిలవలేదు నువ్వు."

ఇల్లు చేరేదాకా అదే మాట. నేను వెనక్కి పోలేదు. చిన్నపిల్ల చెబితే వెనక్కి పోవడం నాకు నామోషీ అనిపించింది.

మర్నాడు తెల్లారి ట్యాంకరు వచ్చింది. మూత తీశాను. లోపలికి చూశానా అంటే, చూడలేదు. డ్రైవరు తొందరపెడుతున్నాడు. గొట్టం వేశాం. నీళ్లు సగానికి వచ్చాయి. ఆ నీళ్లు నాలుగు రోజులు పిల్లలు తాగారు.

ఆ మధ్యాహ్నం వంగి పిలిచాను.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

నల్లటి నీళ్లు. నా తల నీడ. తడి సిమెంటు వాసన, తుప్పు వాసన.

రెండోసారి పిలిచాను. మూడోసారి పిలిచాను. పదంకెలు లెక్కపెడుతున్నాను. ఏడు దగ్గర వినిపించింది.

"ప్రెజెంట్ టీచర్."

చిన్న గొంతు. హాజరు పలికినట్టే, సాగదీసి. చుట్టూ చూశాను. బడి ఖాళీ. ఎండ తెల్లగా కాస్తోంది, నేల మీద నీడన్నది లేదు. గోడ అవతల ఎవడో ఆడుకుంటున్నాడు అనుకున్నాను. అవతలికి పోయి చూశాను. ఎవడూ లేడు. పిల్లలకు భయం భక్తీ లేకుండా పోయింది అని తిట్టుకుంటూ తాళం వేసి ఇంటికి పోయాను.

రెండో రోజూ పలికింది. మూడో రోజూ. ఎవరికీ చెప్పలేదు. చెబితే ముసలాడికి ఎండ తలకెక్కింది అంటారు.

ఇంట్లో ఇంకో బాధ. అమ్మడు నీళ్లు తాగడం మానేసింది. ముద్ద మింగుతుంది గానీ గ్లాసు ముట్టదు. పెదవులు చీలి నల్లబడ్డాయి. నాలుక మీద తెల్లటి పూత. బలవంతాన పోస్తే బుగ్గలో పెట్టుకుని, మేం అటు తిరగ్గానే ఉమ్మేసేది. కాంపౌండరు చూసి, ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే సెలైను పెట్టాలి, అది కూడా పట్నం నుంచి రావాలి అన్నాడు. దేశమంతా నీళ్లకు ఏడుస్తుంటే, చేతిలో నీళ్లుండి పిల్ల ఎండిపోతోంది. ఎవరి మీద అరవాలో తెలియదు.

"నువ్వే ఏదో అన్నావు దాన్ని" అంది మా ఆవిడ. "నీ మొహం చూస్తే మబ్బు కూడా వరుస తప్పానేమో అని భయపడి పారిపోతుంది."

"నేనేం అనలేదు."

"అనకపోతే పిల్ల ఎందుకలా అయింది? దాని తల్లికి ఏం చెబుతావు? నీ పద్ధతి చెబుతావా?"

నాలుగో రోజు నీళ్లు అడుగంటాయి. మగ్గు తీసుకుని మెట్లు దిగాను. పైన ఎండ మండుతుంటే లోపల చల్లగా ఉంది. మామూలు కంటే చల్లగా. సంపులో ఎవరూ లేరు. నాలుగు మూలలూ చూశాను, నీళ్లలో చెయ్యి పెట్టి తడిమాను. ఎవరూ లేరు. గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. నవ్వు కూడా వచ్చింది.

అప్పుడు గోడ చూశాను.

మా సంపు గోడలకు పచ్చటి నాచు ఉంటుంది. ఎన్నేళ్లు గీకినా పోదు. ఆ నాచు ఒక ఎత్తు దాకా లేదు. నా నడుము ఎత్తు దాకా. సన్నటి చారలు... పక్కపక్కనే... నాలుగు గోడలకీ. చీపురుతో గీకితే అలా రాదు. చాకుతో గీకితే అలా రాదు. ఒక చారకు నా బొటనవేలు ఆనించి చూశాను. నాలుక వెడల్పు ఉంది. చిన్నపిల్ల నాలుక.

మగ్గు అక్కడే వదిలేసి పైకొచ్చాను.

ఐదో రోజు పొద్దున హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచాడు. ఫోను నా చేతికిచ్చాడు. అవతల గోరంత తల్లి. వాళ్లాయన, తను, కొడుకు ముందు లారీలో పోయారట. చోటు చాలక గోరంతను వెనక లారీలో అత్తతో రమ్మన్నారట. అత్త, పిల్లను తల్లే ఎక్కించుకుంది అనుకుందట. రెండు లారీలూ రెండు వేరే చోట్లకు పోయాయి. ఇన్నాళ్లకు అత్త ఫోను దొరికి అడిగితే, నా దగ్గర లేదే అంది.

"బాబాయ్, ఆ రోజు పిల్ల బడికి వచ్చిందా?"

హెడ్మాస్టరు నా వైపే చూస్తున్నాడు. గుమ్మంలో అమ్మడు.

"వచ్చిందమ్మా."

"నీళ్లడిగిందా?"

"అడిగింది."

"ఇచ్చావా బాబాయ్?"

ఇరవై తొమ్మిదేళ్లు. ఒక్క నిమిషం ఆలస్యంగా గంట కొట్టలేదు, ఒక్క చుక్క ఇంటికి మోసుకుపోలేదు. అబద్ధమాడిన పిల్లల్ని ఎండలో నిలబెట్టినవాణ్ణి.

"ఇచ్చానమ్మా. సీసా నిండా పోశాను."

 ఆమె మెల్లగా అంది. "అదే చాలు బాబాయ్. ఎక్కడున్నా దప్పికతో లేదు నా తల్లి."

సాయంత్రం పోలీసులు వచ్చి బడి అంతా చూశారు. సంపులోకి కూడా టార్చి వేశారు. ఆ పొద్దున ట్యాంకరు నీళ్లు వచ్చి ఉన్నాయి. ఒకాయన అడిగాడు, మూత వేసే ముందు మీరు పిలుస్తారట కదా, ఆ రోజు పిలిచారా అని.

"పిలిచాను సార్."

ఆయన రాసుకున్నాడు. నా పక్కన నిలబడ్డ అమ్మడు నా చొక్కా అంచు పట్టుకుంది. నాకు మాత్రమే వినపడేలా అంది.

"పిలవలేదు తాతా."

మర్నాడు బడి వదిలాక అమ్మడు కనపడలేదు. సంపు దగ్గర దొరికింది. మోకాళ్ల మీద కూర్చుని తన సీసాలోని నీళ్లు గాలి గొట్టంలోకి పోస్తోంది. చుక్క చుక్కగా, నేల మీద పడకుండా.

"ఏం చేస్తున్నావు?"

"దానికి దాహం తాతా."

"లోపల నిండా నీళ్లే ఉన్నాయి కదే."

"అవి వాళ్లందరివీ. దాని పేరు కొట్టేశారు కదా. తాగకూడదంటోంది." చీలిన పెదవుల మీద నెత్తురు గట్టి పడి ఉంది. "దానికివ్వకపోతే నాకూ వద్దు."

నేనేం చేయాలో నాకు తెలుసు. హెడ్మాస్టరు గదికి పోయి, ఇవ్వలేదు, పిలవలేదు, రెండూ అబద్ధాలే అని చెప్పాలి. ఆ తల్లికి ఫోను చెయ్యాలి. నలభై అడుగుల దూరం కూడా లేదు ఆ గది. పోలేకపోయాను. చెబితే ఇన్నేళ్ల పేరు పోతుంది, ఆ తల్లి గుండె ఆగుతుంది, పిల్ల మాత్రం తిరిగొస్తుందా అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అవన్నీ సాకులు. నాకు సిగ్గు, అంతే.

చెప్పకుండానే తప్పు దిద్దుకోవచ్చు అనుకున్నాను.

రంగు డబ్బా తీసి కొత్త సీసా మీద పద్నాలుగు వేశాను. నిండా నీళ్లు పట్టాను. సీసా మెడకు తాడు కట్టి, మూత తీసి మెల్లగా లోపలికి దించాను. అమ్మడు గేటు దగ్గర నిలబడి చూస్తోంది.

"నీ వాటా" అన్నాను, గొంతు తగ్గించి. "తీసుకో తల్లీ. తీసుకుని... ఇంక మా పిల్ల జోలికి రాకు."

తాడు బరువుగానే ఉంది. ఉన్నట్టుండి తేలికైంది. పైకి లాగాను. ముడి ఉంది. ఉచ్చు ఉంది. సీసా లేదు. నీళ్లలో పడిన చప్పుడు రాలేదు.

మూడుసార్లు పిలిచాను. పదికి బదులు వందంకెలు లెక్కపెట్టాను. ఎవరూ పలకలేదు. నెమ్మదిగా, నిమ్మళంగా తాళం వేశాను. ఎన్నాళ్లకో అలా వేశాను.

అమ్మడు నా ముందే ఇంటికి నడిచింది. గడపలో అడుగు పెట్టగానే అంది.

"నీళ్లు."

మా ఆవిడ చేతిలోని చేట కింద పడేసి పరిగెత్తింది. గ్లాసు తాగింది. ఇంకో గ్లాసు. చెంబెడు తాగింది. మా ఆవిడ కళ్లొత్తుకుంటూ, "చూశావా, ఎండ దెబ్బే అది, నువ్వు ఊరికే గాభరా పెట్టావు" అని నన్నే అంది. మొదటిసారి ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఆ సాయంత్రం పిల్ల బిందె అడుగు దాకా తాగింది. పడుకునే ముందు గోడ వైపు తిరిగి, గోడకు మొహం ఆనించి పడుకుంది. చల్లదనం కోసం అనుకున్నాను.

మర్నాడు బడిలో హాజరుకు ముందు బెంచీల మధ్య నుంచి నడుస్తుంటే అమ్మడి ముందున్న సీసా కనపడింది. ఎర్ర రంగు ఇంకా ఆరలేదు. కిందికి కారింది. పద్నాలుగు.

"నీది పంతొమ్మిది కదే. అదేది?"

"ఇదే నాది తాతా."

బెంచీ కింద దాని కాళ్లు చూశాను. అమ్మడి పాదాలు ఎప్పుడూ నేలకు ఆనేవి. ఇప్పుడు ఆనలేదు. వెనక్కి జరిగి కూర్చుందేమో. అలాగే అయి ఉంటుంది.

టీచరమ్మ పట్టీ తెరిచింది. తల వంచుకుని, నంబర్లు పిలుస్తూ, టిక్కులు పెడుతోంది. పదమూడు. పద్నాలుగు మీద గీత, దాటింది. పదిహేను. పద్దెనిమిది.

"పంతొమ్మిది."

అమ్మడు నా వైపే చూస్తోంది. పెదవులు నున్నగా ఉన్నాయి, చీలికలే లేవు. పెదవి కదపలేదు.

"పంతొమ్మిది... రాలేదా?"

అప్పుడు వినిపించింది. గది లోపల కాదు. కిటికీ అవతల నుంచి, బడి వెనక నుంచి, నేల కింద నుంచి. బొంగురుపోయిన గొంతు. దాహంతో ఎండిన గొంతు. నా చేతుల్లో పెరిగిన గొంతు.

"ప్రెజెంట్ టీచర్..."

టీచరమ్మ తల ఎత్తలేదు. టిక్కు పెట్టింది. ఇరవై అంది.

పరిగెత్తాను. తాళం తీశాను. నీళ్లు సగానికి ఉన్నాయి, నల్లగా, కదలకుండా. ఎవరూ లేరు. మెట్లు దిగి నడుములోతు నీళ్లలో నాలుగు మూలలూ తడిమాను. నా చేతికి తగిలింది ఒక్కటే, ఖాళీ సీసా. పంతొమ్మిది. మూత గట్టిగా బిగించి ఉంది, లోపల ఏదో ఉన్నట్టు.

పైకి వచ్చేసరికి బడి వదిలేశారు. గంట కొట్టిందెవరో తెలియదు. తడి బట్టలతో అక్కడే నిలబడ్డాను. మొన్న కూతురు కబురు పంపింది. వానలు పడేలా లేవు, అక్కడే ఏదో బడి ఉందట, వచ్చే నెల వచ్చి పిల్లను తీసుకుపోతుందట. వచ్చి చెయ్యి చాపితే ఏ పిల్లను అప్పగించను?

మూత వేయాలి. వేసే ముందు పిలవాలి. వంగాను. నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. పిలిస్తే పలుకుతుంది. ఎవరి గొంతుతో పలుకుతుందో నాకు తెలుసు.

వెనక నుంచి చిన్న చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చల్లగా, వేళ్ల చివర్లు నీళ్లలో నానినట్టు ముడతలు పడి ఉంది. వేలిగోళ్ల కింద పచ్చటి నాచు.

"పిలవక్కర్లేదులే తాతా" అంది. "మూత వేసెయ్. ఇంటికి పోదాం."